పసుపు మొక్కకి కావాలని దుంపకుళ్ళు అంటించడం ఎందుకు? ఆ పరీక్షల్లో అసలు ఏం జరుగుతుందంటే

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైన దగ్గర్నుంచి పసుపు మీద వార్తలు, వీడియోలు బాగా పెరిగాయి, వాటితో పాటే కొత్త రకాల విత్తనం గురించి మాటలు కూడా. "ఈ రకం దుంపకుళ్ళుని తట్టుకుంటుంది" అనే మాట అందులో తరచుగా వినపడేది. ఎలా తెలిసింది అని కొంచెం లోపలికి వెళ్తే "కృత్రిమంగా తెగులు సోకించి పరీక్షించారు" అని ఒక లైన్ ఉంటుంది, చాలామందికి డౌట్ అక్కడే మొదలవుతుంది. తెగులుని తగ్గించాల్సిన వాళ్ళు తెగులుని పెంచి మొక్కకి అంటించడం ఏంటి, అది బయటికి పాకితే ఎవరిది బాధ్యత, అలా కుండీలో తట్టుకున్న రకం మా పొలంలో కూడా తట్టుకుంటుందా?

ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. నా మటుకు నాకు వీటిలో మూడోదే పెద్దది, ఎందుకంటే తెగులు ఎలా ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఒకే రకం ఒక చోట పాస్ అవుతుంది, ఇంకో చోట ఫెయిల్ అవుతుంది. ఆ పద్ధతి తెలీకుండా "తట్టుకుంటుంది" అన్న మాటకి ఎంత విలువ ఇవ్వాలో చెప్పలేం.

ఇనాక్యులేషన్ అంటే ఒక సూక్ష్మజీవిని తెలిసిన మోతాదులో, తెలిసిన చోట, తెలిసిన రోజున మొక్కకి ఇవ్వడం. అది తెగులు తెచ్చేది కావచ్చు, తెగులు క్రిముల్ని అణచే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం లాంటి మేలు చేసేదీ కావచ్చు. ఇక్కడ మనం మాట్లాడుకునేది ముఖ్యంగా మొదటి దాని గురించి.

నేల కింద కుళ్ళు ఎలా మొదలవుతుంది

దుంపకుళ్ళు పైకి కనిపించేసరికి కింద నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ముందు కింది ఆకుల అంచులు రంగు మారి ఎండుతూ ఆ ఎండు పై ఆకులకి పాకుతుంది, మొదలు దగ్గర కాండం నీళ్ళు పట్టినట్టు మెత్తబడుతుంది, పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడొచ్చేస్తుంది, దుంప విరిచి చూస్తే లోపల ఆ నారింజ రంగు పోయి గోధుమ రంగులో మెత్తగా చెడు వాసనతో ఉంటుంది. జూన్ ప్రాంతంలో నాటిన పంటలో ఇది ఎక్కువగా వానలు గట్టిగా పడి మడుల్లో నీళ్ళు నిలిచిన రోజుల్లో బయటపడుతుంది.

దీనికి ప్రధాన కారణంగా చెప్పేది పైథియం అనే సూక్ష్మజీవి. పైథియం అఫానిడెర్మేటం, పైథియం మిరియోటైలం, పైథియం గ్రామినికోలం ఇలా పసుపు, అల్లం మీద దొరికిన జాతులు కొన్ని ఉన్నాయి. అల్లంలో ఈ కుళ్ళుని బట్లర్ అనే శాస్త్రవేత్త 1907లోనే సూరత్ ప్రాంతం నుంచి రిపోర్ట్ చేశాడు, అంటే వంద ఏళ్ళు దాటిన గొడవ ఇది. మిరప నారుమళ్ళలో నారుకుళ్ళు తెచ్చేది కూడా పైథియమే.

అలవాటు కొద్దీ దీన్ని మనం శిలీంధ్రం అనేస్తాం కానీ ఇది నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్లు అనే వేరే గుంపు, గోధుమ రంగు సముద్రపు నాచుకి దగ్గరి చుట్టం. నిజమైన శిలీంధ్రాల కణ గోడలో కైటిన్ ముఖ్యం, వీటిలో సెల్యులోజ్, గ్లూకాన్లు ఉంటాయి. ఈ తేడా వల్ల రైతు జేబుకి నేరుగా దెబ్బ తగులుతుంది, ఎందుకంటే కార్బెండజిమ్ లాంటి మందు ఫ్యుజేరియం అనే నిజమైన శిలీంధ్రం మీద పనిచేస్తుంది గానీ పైథియం మీద పనిచెయ్యదు, మెటలాక్సిల్ పైథియం మీద పనిచేస్తుంది గానీ ఫ్యుజేరియం మీద పనిచెయ్యదు. దోషి ఎవరో తప్పుగా తేల్చుకుంటే మందు ఎంత పోసినా డబ్బు నేలపాలే.

ఇంకో సంగతి, పైథియం నీళ్ళలో ఈదగలదు. తడి నేలలో ఇది జూస్పోర్లు అనే బీజాల్ని వదులుతుంది, ఒక్కోదానికి రెండు తోకలు ఉంటాయి, వేర్ల నుంచి ఊరే చక్కెరలు, అమైనో ఆమ్లాల జాడ పట్టుకుని వేరు దగ్గరికి ఈదుకుంటూ పోతాయి, అక్కడ తోకలు రాల్చేసి గుండ్రంగా మారి అతుక్కుంటాయి, మొలకెత్తి లోపలికి దిగుతాయి. పొలంలో నీళ్ళు నిలిస్తే కుళ్ళు ఎందుకు ఎగబడుతుందో దీంతో అర్థమవుతుంది. పంట అయిపోయాక మందపాటి గోడ ఉన్న ఊస్పోర్లుగా మారి మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

కుళ్ళిన దుంపలో దొరికినవన్నీ దోషులు కావు

కుళ్ళిన దుంప ముక్క తెచ్చి పెట్రీ ప్లేట్లో, అంటే క్రిముల్ని పెంచే చిన్న పళ్ళెంలో, పెడితే పైథియం ఒక్కటే రాదు. ఫ్యుజేరియం వస్తుంది, రకరకాల బ్యాక్టీరియా వస్తాయి, దుంపలో నులిపురుగులు, దుంప ఈగ తెల్లటి పిల్ల పురుగులు కూడా ఉంటాయి. ఇందులో కుళ్ళు తెచ్చింది ఎవరు, కుళ్ళాక తిండి కోసం చేరింది ఎవరు? చూసి చెప్పడం కుదరదు. పైగా ఫ్యుజేరియం మామూలు ప్లేట్ మీద తేలిగ్గా, కళ్ళకి కొట్టొచ్చినట్టు పెరుగుతుంది, పాతబడిన దుంపలో పైథియం అప్పటికే తగ్గిపోయి ఉండొచ్చు, అందుకని ప్లేట్ మీద ఎక్కువ కనిపించిందే దోషి అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంది.

ఈ చిక్కు విప్పడానికే తెగులు అంటించడం. జర్మన్ డాక్టర్ రాబర్ట్ కాక్ 1880లలో క్షయ, కలరాల మీద పనిచేస్తూ స్థిరపరిచిన నియమాలే ఇప్పటికీ ఇక్కడ ఆధారం. జబ్బు మొక్కలో ఆ క్రిమి ఉండాలి, దాన్ని విడదీసి ఒంటరిగా పెంచగలగాలి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఇస్తే అవే లక్షణాలు రావాలి, ఆ మొక్క నుంచి మళ్ళీ అదే క్రిమి బయటికి తీయగలగాలి. మూడోది ఇనాక్యులేషన్, దాన్ని దాటకుండా "ఈ క్రిమే కారణం" అన్న మాట ఊహ స్థాయిలోనే ఉండిపోతుంది. ఇప్పుడు డీఎన్‌ఏ చదివి జాతి పేరు చాలా త్వరగా చెప్పేస్తున్నారు, అది గొప్ప సాయమే, కానీ డీఎన్‌ఏ చెప్పేది ఎవరు ఉన్నారని, ఎవరు చేశారని కాదు.

ఈ నియమాలకి హద్దులు కూడా ఉన్నాయి. కొన్ని జబ్బులు ఒక్కరి పని కాదు, ఇద్దరు ముగ్గురు కలిస్తేనే వస్తాయి. అలాంటప్పుడు ఒక్కో క్రిమిని విడివిడిగా ఇచ్చి చూస్తే ఎవరూ దోషి కాదని తేలొచ్చు, అది కూడా తప్పు జవాబే.

ఈగ ముందా, కుళ్ళు ముందా

పసుపు, అల్లం మీద దశాబ్దాలుగా నడిచిన వాదన ఇది. దుంప ఈగ సన్నగా నల్లగా పొడుగు కాళ్ళతో ఉంటుంది, దాని పిల్ల పురుగులు దుంపలోకి తొలుచుకుపోతాయి. కుళ్ళిన దుంప తీస్తే పురుగులు కనిపిస్తాయి కాబట్టి చాలామంది రైతులు, కొంతమంది పరిశోధకులు కూడా ముందు పురుగు తొలిస్తే ఆ గాయంలోంచి కుళ్ళు దిగుతుందని నమ్మారు. రెండో పక్షం వాదన ఏంటంటే ఈగ వాసన పట్టుకుని కుళ్ళిన దుంపల దగ్గరికే గుడ్లు పెట్టడానికి వస్తుంది, అది తర్వాత వచ్చిన చుట్టం మాత్రమే. అల్లం మీద కేరళలో జరిగిన పని ఎక్కువగా ఈ రెండో వైపుకి మొగ్గింది.

దీన్ని తేల్చే పద్ధతి ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మొక్కలు 40, నాలుగు గుంపులు, గుంపుకి 10. మొదటి గుంపుకి ఏమీ ఇవ్వలేదు, రెండోదానికి పైథియం మాత్రమే, మూడోదానికి పురుగులు మాత్రమే, నాలుగోదానికి రెండూ. కుళ్ళిన మొక్కలు వరసగా 0, 7, 1, 9 అనుకుందాం. అంటే పైథియం ఒంటరిగానే కుళ్ళు తేగలదు, పురుగు ఒంటరిగా దాదాపు తేలేదు, కానీ రెండూ కలిస్తే నష్టం కొంత ముదురుతుంది. అదే మూడో గుంపులో 1 బదులు 6 వచ్చి ఉంటే కథ మొత్తం మారిపోయేది.

ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. పురుగుల్ని చేత్తో తీసుకెళ్ళి దుంప మీద వదిలితే వాటికి వేరే దారి లేదు, ఆకలికి మంచి దుంపనైనా తొలవొచ్చు. పొలంలో ఈగకి ఎంచుకునే అవకాశం ఉంటుంది. అందుకని వల గదిలో ఈగల్ని వదిలి మంచి దుంప, కుళ్ళిన దుంప రెండూ పెట్టి గుడ్లు ఎక్కడ పెడుతుందో చూడటం ఇంకో రకం పరీక్ష. రెండు పరీక్షలూ రెండు వేరే ప్రశ్నలకి జవాబులు, ఒకదాని జవాబు తెచ్చి రెండోదానికి అంటగట్టకూడదు.

ఇది కేవలం చదువుకున్న వాళ్ళ వాదన అనుకోవద్దు. ఈగే మూలం అనుకున్న రోజుల్లో పురుగు మందు గుళికలు విపరీతంగా వేశారు, అందులో ఫోరేట్ ఒకటి, 2020 డిసెంబర్ 31 నుంచి దాన్ని దేశంలో పూర్తిగా నిషేధించారు. ఎవరు ముందో తేలకపోతే రైతు రెండు మందులకీ డబ్బు పెడుతూనే ఉంటాడు.

తెగులు ఇచ్చే దారులు, ఒక్కో దారిలో దాగిన ప్రశ్న

ల్యాబుల్లో బాగా వాడేది గింజల పద్ధతి. జొన్న గింజల్ని ఉడికించి, ఒత్తిడి ఆవిరి పాత్ర అయిన ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసి, వాటి మీద పైథియం పెంచి, ఆ గింజల్ని కుండీ మట్టిలో కలుపుతారు. తేలిక, నమ్మకంగా తెగులు వస్తుంది. కాకపోతే గింజ తిండి కూడా కాబట్టి క్రిమికి పొలంలో దొరకనంత బలం దొరుకుతుంది, కాస్త తట్టుకోగల మొక్క కూడా పడిపోవచ్చు.

రెండోది జూస్పోర్లని నీళ్ళలో లెక్కపెట్టి మొదట్లో పోయడం. వాన నీళ్ళలో సహజంగా జరిగేదానికి ఇది దగ్గర, మోతాదు కూడా చేతిలో ఉంటుంది. కష్టమేంటంటే జూస్పోర్లు చాలా సున్నితం, సీసాని గట్టిగా కుదిపితే చాలు తోకలు రాల్చేసి ఆగిపోతాయి.

మూడోది గాయం పద్ధతి. దుంప మీదో కాండం మీదో సూదితో గుచ్చి, క్రిమి పెరిగిన ప్లేట్లోంచి 5 మిల్లీమీటర్ల అగార్ (క్రిమిని పెంచే జెల్లీ) బిళ్ళ కోసి అక్కడ అతికిస్తారు. త్వరగా జవాబు వస్తుంది, వందల రకాల్ని తక్కువ జాగాలో చూడొచ్చు. కానీ మొక్కకి ఉన్న మొదటి రక్షణ దాని పై తొక్క, వేరు పొర, గుచ్చేసి ఇచ్చాక ఆ రక్షణ ఎంత గట్టిదో మనకి తెలిసే అవకాశమే పోయింది. పసుపు లాంటి పంటలో ఈ పద్ధతి ఒక్కదాని మీదే ఆధారపడి ఒక రకాన్ని పక్కన పెట్టేయడం నాకు సరైన పనిగా అనిపించదు.

ఇక తెగులు మడి. ఏళ్ళ తరబడి కుళ్ళు ఉన్న నేలనే పరీక్ష మడిగా ఉంచి, కుళ్ళిన దుంపలు అందులోనే కలుపుతూ, దాంట్లో రకాలన్నీ నాటి ఏవి నిలబడతాయో చూస్తారు. దీని గురించి కింద ఇంకాస్త చెప్తాను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఏ పైథియం వాడారని. ఒకే జాతిలో కూడా ఒక ఊరి నుంచి తీసింది ఉగ్రంగా ఉంటుంది, ఇంకో ఊరిది మెత్తగా ఉంటుంది. ల్యాబులో నెలల తరబడి ప్లేట్ నుంచి ప్లేట్‌కి మారుస్తూ పోతే దాని పదును తగ్గిపోవచ్చు, అందుకే మధ్య మధ్యలో దాన్ని మొక్కకి ఎక్కించి మళ్ళీ బయటికి తీస్తారు. పదును తగ్గిన క్రిమితో పరీక్ష పెడితే అది పేపర్ ఈజీగా ఇచ్చిన పరీక్ష లాంటిది, అన్ని రకాలూ పాసే.

ఒక చుక్కలో ఎన్ని బీజాలు, లెక్క వేసి చూద్దాం

మోతాదు అన్న మాట వినడానికి చిన్నది, ఫలితం అంతా దాని మీదే నడుస్తుంది. జూస్పోర్లని లెక్కపెట్టడానికి హిమోసైటోమీటర్ వాడతారు, రక్తకణాలు లెక్కపెట్టే గీతల గాజు పలకే అది. దాని మీద 1 మిల్లీమీటర్ పొడవు, 1 మిల్లీమీటర్ వెడల్పు ఉన్న గడిలో నీటి లోతు 0.1 మిల్లీమీటర్, అంటే గడిలో పట్టే నీళ్ళు ఒక మిల్లీలీటర్‌లో 10,000వ వంతు. ఈదుతున్న వాటిని లెక్కపెట్టలేరు కాబట్టి చిన్న శాంపిల్ తీసి దాన్ని ఆపేసి చూస్తారు.

గడికి సగటున 12 బీజాలు కనిపించాయి అనుకుందాం. అప్పుడు మిల్లీలీటర్‌కి 12 × 10,000 = 1,20,000. మనకి కావాల్సింది మిల్లీలీటర్‌కి 10,000 అయితే 12 రెట్లు పలచన చెయ్యాలి. 20 కుండీలకి కుండీకి 100 మిల్లీలీటర్ల చొప్పున మొత్తం 2,000 మిల్లీలీటర్లు కావాలి, అందులో చిక్కటి ద్రావణం సుమారు 167 మిల్లీలీటర్లు, మిగతా 1,833 మంచి నీళ్ళు. ఒక్కో కుండీకి అందేది 10 లక్షల బీజాలు.

ఇప్పుడు ఇదే లెక్కని కొంచెం కదిలిద్దాం. లెక్కపెట్టిన 12లో సగమే ప్రాణంతో ఉంటే కుండీకి నిజంగా అందింది 5 లక్షలే. ఇంకో ల్యాబులో పది రెట్లు ఎక్కువ ఇచ్చారనుకోండి, ఇక్కడ నిలబడిన రకం అక్కడ పడిపోతుంది. రెండు ల్యాబులూ నిజాయితీగానే పని చేశాయి, కానీ వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి కాదు. అందుకని మంచి పరీక్షలో ఒకే మోతాదు కాకుండా తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఇలా మూడు నాలుగు మెట్లలో ఇస్తారు. తక్కువ మోతాదులో తేడా చూపించి ఎక్కువ మోతాదులో అన్నీ చచ్చిపోతే, ఆ రకానికి ఉన్న బలం ఒక హద్దు వరకే అని తెలుస్తుంది. ఆ సమాచారం రైతుకి చాలా పనికొస్తుంది, మురుగు పోయే నేల ఉన్నవాడికి ఆ బలం సరిపోవచ్చు, పల్లంలో ఉన్నవాడికి సరిపోకపోవచ్చు.

ఏమీ ఇవ్వని మొక్కలు కూడా కుళ్ళితే?

పసుపుని విత్తనంతో కాదు, దుంపతో పెంచుతాం. పసుపు మామూలుగా ఉండే రెండు సెట్లకి బదులు మూడు సెట్ల క్రోమోజోములున్న పంట, అందుకే విత్తనం కట్టడం చాలా అరుదు, కొత్త రకం సృష్టించడం కూడా అందుకే కష్టం, ఉన్నవాటిలోంచి బలమైనవి ఏరుకోవడమే ఎక్కువగా జరుగుతుంది. పరీక్షలకి దీనివల్ల వచ్చే పెద్ద ఇబ్బంది, విత్తన దుంప లోపలే తెగులు దాక్కుని రావచ్చు. పైకి నిగారింపుగా ఉన్న దుంపలో కూడా.

ఒక ఉదాహరణ. మొదటి రకంలో తెగులు ఇచ్చిన 10 మొక్కల్లో 8 కుళ్ళాయి, ఏమీ ఇవ్వని 10లో కూడా 3 కుళ్ళాయి. రెండో రకంలో ఇచ్చిన 10లో 7 కుళ్ళాయి, ఇవ్వని వాటిలో ఒక్కటీ కుళ్ళలేదు. 80 శాతం, 70 శాతం అని పక్కపక్కన పెడితే రెండోది మేలు అనిపిస్తుంది. కానీ మొదటి రకంలో 30 శాతం ఎలాగూ కుళ్ళేవే, వాటిని తీసేసి మిగతా 70 శాతంలో పరీక్ష వల్ల ఎన్ని పోయాయో చూస్తే 50 బై 70, అంటే సుమారు 71 శాతం. రెండో రకంలో 70. అంటే రెండు రకాలూ సమానమే. పైగా 10 మొక్కలంటే ఒక్క మొక్క అటూ ఇటూ అయినా 10 శాతం మారిపోతుంది, అందుకే మొక్కలు ఎక్కువ ఉండాలి, పరీక్ష మళ్ళీ చెయ్యాలి, కుండీల్ని రకాల వారీగా వరసలో కాకుండా కలగలిపి పెట్టాలి, లేకపోతే నీడ పడే మూల తేడా కూడా రకం తేడాగా కనిపిస్తుంది.

ఏమీ ఇవ్వని మొక్కలు అన్నప్పుడు కూడా నిజంగా ఏమీ ఇవ్వకుండా వదిలేయరు. గింజల పద్ధతిలో అయితే పైథియం లేని శుద్ధమైన గింజల్ని అంతే బరువు కలుపుతారు, గాయం పద్ధతిలో గుచ్చి ఉత్త అగార్ బిళ్ళ పెడతారు. క్రిమి ఒక్కటి తప్ప మిగతా అంతా సమానం ఉంటేనే తేడాకి కారణం క్రిమి అని చెప్పగలం.

శుద్ధి చేసిన మట్టా, పొలం మట్టా

ఇక్కడ పరిశోధకుల మధ్యే రెండు అభిప్రాయాలు, రెండిటికీ బలమైన కారణాలు ఉన్నాయి. 121 డిగ్రీల దగ్గర ఆవిరితో శుద్ధి చేసిన మట్టిలో పెడితే మనం ఇచ్చిన క్రిమి తప్ప ఇంకేమీ ఉండదు, ఫలితం తేటగా ఉంటుంది, వేరే ల్యాబు వాళ్ళు మళ్ళీ చేసి చూసుకోవచ్చు. ఇది ఒక వాదన. రెండో వాదన, అలాంటి మట్టి ప్రపంచంలో ఎక్కడా లేదు. మామూలు పొలం మట్టిలో పైథియంతో పోటీపడేవి, దాన్ని తినేవి బోలెడు ఉంటాయి, వాటన్నిటినీ చంపేసి క్రిమిని ఒక్కదాన్నే వదిలితే అది చెలరేగిపోతుంది, తెగులు ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తుంది.

తెగులు మడి పక్షాన ఉన్నవాళ్ళు చెప్పేది ఈ రెండో మాటే. అక్కడ పైథియం, ఫ్యుజేరియం, నులిపురుగులు, ఈగ, వాన అన్నీ కలిసే ఉంటాయి, రైతు పొలం కూడా అంతే. ఒప్పుకోవాల్సిన మాటే. కానీ మడిలో క్రిమి అన్ని చోట్లా సమానంగా పరుచుకుని ఉండదు, ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. వానలు సరిగ్గా పడని ఏడాది ఏ రకం చూసినా బాగానే ఉంటుంది, అప్పుడు "నిలబడింది" అంటే తట్టుకుందని కాదు, తెగులు అసలు తగల్లేదని. అందుకని మధ్య మధ్యలో తప్పకుండా కుళ్ళే రకం ఒకటి నాటుతారు, అది కుళ్ళకపోతే ఆ ఏడాది పరీక్ష లెక్కలోకి రాదు.

నీళ్ళు, వేడి కూడా ఫలితంలో భాగమే. పైథియం అఫానిడెర్మేటం 30 డిగ్రీలు దాటిన వేడి తడి నేలని ఇష్టపడుతుంది. అదే మోతాదు ఇచ్చి ఒక కుండీలో నీళ్ళు ఎప్పటికప్పుడు పోయేలా ఉంచి, ఇంకోదాన్ని రెండు రోజులు నీళ్ళలో ముంచి ఉంచితే ఒకే రకం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. నీళ్ళు నిలిస్తే జూస్పోర్లకి దారి దొరుకుతుంది, గాలి ఆడక వేరు కూడా నీరసిస్తుంది, రెండు దెబ్బలూ ఒకేసారి.

మార్కులు వేసే తీరు, ఒకే శాతం వెనక రెండు కథలు

ఎన్ని మొక్కలకి తెగులు వచ్చింది అన్నది ఒక లెక్క, ఎంత ముదిరింది అన్నది ఇంకో లెక్క. ముదురుకి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారనుకుందాం, 0 అంటే ఏమీ లేదు, 4 అంటే మొక్క చచ్చిపోయింది. ఒక రకంలో 10 మొక్కలకి వచ్చిన మార్కులు ఇవి, రెండిటికి 0, మూడిటికి 1, రెండిటికి 2, ఒకదానికి 3, రెండిటికి 4. మొత్తం 18. రావడానికి వీలున్న గరిష్ఠం 10 × 4 = 40. తెగులు సూచిక 18 బై 40, అంటే 45 శాతం. ఇంకో రకంలో రెండిటికి 0, ఎనిమిదిటికి 1, మొత్తం 8, సూచిక 20 శాతం. రెండు రకాల్లోనూ తెగులు కనిపించిన మొక్కలు 80 శాతమే! ప్రకటనలో ఏ శాతం వేశారన్నదాన్ని బట్టి ఒకే పరీక్షని రెండు రకాలుగా చెప్పొచ్చన్నమాట.

నిరోధకత, తట్టుకోవడం కూడా ఇక్కడే విడిపోతాయి. నిరోధక రకంలో క్రిమి లోపలికి దిగలేదు, దిగినా పెరగలేదు. తట్టుకునే రకంలో క్రిమి పెరుగుతుంది, కానీ మొక్క కొత్త వేర్లు వేసుకుని దిగుబడి నిలబెట్టుకుంటుంది. అమ్ముకునే పంటకి రెండూ మంచివే, విత్తన దుంపకి మాత్రం రెండోది చిక్కే, పైకి బాగున్న దుంపలోనే తెగులు పక్క ఊరికి పోవచ్చు.

వేరు, ఆకు ఒకే మాట చెప్పవు, మిరప దగ్గర నేర్చుకున్న పాఠం

పసుపులో ఇంకా తేలని సంగతులు కొన్ని మిరప, మిరియంలో బాగా తేలాయి. ఫైటోఫ్తొరా క్యాప్సిసి అనేది పైథియంకి దగ్గరి బంధువు, 1922లో అమెరికాలోని న్యూ మెక్సికోలో మిరప మీద దీన్ని వర్ణించారు. దీనికి ఎదురు నిలిచే మిరపగా ప్రపంచమంతా వాడేది మెక్సికో నుంచి వచ్చిన క్రియోల్లో డి మొరెలోస్ 334. పరిశోధనలో తేలింది ఏంటంటే వేరుకుళ్ళుని ఆపే జన్యువులు, ఆకుమాడుని ఆపే జన్యువులు వేరు వేరు. అంటే ఆకు తెంపి దాని మీద క్రిమి పెట్టి పరీక్షిస్తే వచ్చిన ఫలితం వేరు గురించి నమ్మకంగా ఏమీ చెప్పదు. ఇంకా ఆ క్రిమిలోనే చాలా రేసులు, అంటే ఉపరకాలు, ఉన్నాయి, ఒక రేసుకి నిలబడిన మొక్క ఇంకోదానికి పడిపోతుంది.

మిరియంలో మొదలుకుళ్ళు తెచ్చేది కూడా ఈ ఫైటోఫ్తొరానే. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదకి పాకించే మిరియం తీగలు ఉన్నవాళ్ళకి ఇది పరాయి విషయం కాదు. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ ఇలా తెగులు ఇచ్చి వడకట్టే పనితోనే శక్తి, తేవం అనే తట్టుకునే రకాల్ని తెచ్చింది. దక్షిణ అమెరికా అడవి మిరియం పైపర్ కొలుబ్రినం ఈ తెగులుకి దాదాపు లొంగదు, అందుకని దాని మొదలు మీద మన మిరియం కొమ్మని అంటుకట్టడం కూడా చేశారు. పసుపు, అల్లం వైపు చూస్తే అల్లం కుటుంబంలోనే ఉన్న అడవి మొక్క జింజిబర్ జెరుంబెట్ పైథియంకి ఎదురు నిలుస్తుందని ఇలాంటి పరీక్షల్లోనే బయటపడింది, కానీ సాగు అల్లం విత్తనం కట్టదు కాబట్టి ఆ గుణాన్ని మామూలు సంకరంతో తెచ్చుకునే దారి లేదు.

ట్రైకోడెర్మా ఫలితాలు చదివేటప్పుడు తేదీ చూడాలి

మేలు చేసే ట్రైకోడెర్మాని పరీక్షించాలన్నా తెగులు ఇవ్వక తప్పదు. ఇక్కడ అసలు విషయం వరస. ట్రైకోడెర్మా ముందు వేసి వారం తర్వాత పైథియం ఇస్తే, అది వేర్ల చుట్టూ అప్పటికే జాగా పట్టేసి ఉంటుంది, ఫలితం చాలా బాగా వస్తుంది. రెండూ ఒకే రోజు ఇస్తే ప్రభావం తగ్గుతుంది. పైథియం ముందు ఇచ్చి, ఆకులు ఎండటం మొదలయ్యాక ట్రైకోడెర్మా వేస్తే పెద్దగా ఏమీ మిగలదు. ఈ మూడూ నిజమైన పరీక్షలే, కానీ రైతు వాడేది చాలాసార్లు మూడో పద్ధతిలో, ప్యాకెట్ మీద కనిపించే శాతం మొదటి పద్ధతిది కావచ్చు. "ట్రైకోడెర్మా పనిచెయ్యదు" అని రైతు, "పనిచేస్తుంది" అని ల్యాబు వాదించుకుంటే ఇద్దరూ తమ చోట నిజమే చెప్తున్నట్టు.

ఇంతకీ ఇది బయటికి పాకదా?

ఈ భయాన్ని కొట్టిపారెయ్యడం సరికాదు. ఊస్పోర్లు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయని పైన చెప్పుకున్నాం, కుండీ కింద కారిన నీళ్ళు కాలువలో కలిస్తే, చెప్పుల మట్టి అంటుకుపోతే తెగులు కదులుతుంది. అందుకే కుండీల కింద ట్రేలు పెడతారు, వాడిన మట్టిని, కుళ్ళిన మొక్కల్ని ఆవిరితో శుద్ధి చేశాకే పారేస్తారు, పనిముట్లు ఆ గదికే వదిలేస్తారు, తెగులు మడి అయితే ఏళ్ళ తరబడి ఒకే చోట ఉంచి దాని మురుగు పక్క మడుల్లోకి పోకుండా గట్టు కడతారు.

భయానికి ఇంకో వైపు కూడా చూడాలి. పరీక్షకి వాడే క్రిమి సాధారణంగా ఆ ప్రాంతపు పొలాల్లో కుళ్ళిన దుంప నుంచే తీసింది, కొత్తగా పుట్టించింది కాదు, ఆ మట్టిలో అది ముందు నుంచీ ఉంది. ప్రమాదం నిజంగా పెరిగేది వేరే రాష్ట్రం నుంచో దేశం నుంచో తెచ్చిన క్రిమిని వాడినప్పుడు, ఎందుకంటే దాని రేసు వేరు కావచ్చు, మెటలాక్సిల్‌కి లొంగని గుణం కూడా దానిలో ఉండొచ్చు. విదేశాల నుంచి అలాంటివి తెచ్చుకోవడానికి క్వారంటైన్ అనుమతి కావాలి. రాష్ట్రాల మధ్య అయితే ల్యాబు సీసాల కంటే ఎక్కువ పైథియం ప్రతి వేసవిలో లారీల మీద తిరుగుతోంది, విత్తన దుంపల బస్తాల్లో.